కరిగే దారం

ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డు. డ్రెస్సింగ్ గది ముందు బల్ల మీద అత్తా కోడలూ కూర్చున్నారు. మగవాళ్లను ఇక్కడికి రానివ్వరు కనుక అత్త కొడుకు ముందు గేటు దగ్గర బండి మీదే ఉండిపోయాడు.

"మళ్లీ అడుగుతున్నాను అత్తయ్యా. ఎవరు తెంపారు?"

"ఎవరూ తెంపలేదు. దానంతటదే విడింది."

"దానంతటదే?"

"దానంతటదే. నువ్వు కట్టు కట్టే సొగసు అలాంటిది మరి. ముళ్లకంచెకి గుడ్డ చుట్టినట్టు చుడతావు."

"నిన్న సాయంత్రం కట్టు మార్చింది నేనే. గాయం చక్కగా మూసుకుని ఉంది, సుద్దతో గీత గీసినట్టు. పొద్దున విప్పి చూస్తే ఒక మూల నోరు తెరుచుకుని ఉంది. రాత్రికి రాత్రి ఏమైంది?"

"నన్నడిగితే? నేనేమన్నా డాక్టరునా?"

"డాక్టరు కాదు. దర్జీ."

"అంటే?"

"పక్క దులుపుతుంటే మీ దిండు కింద దారాలు తెంపే చిన్న కత్తెర దొరికింది."

"కుట్టుపని చేసేదాని దిండు కింద కత్తెర కాక వజ్రాలుంటాయా?"

"కత్తెర కొసకి దారం ముక్క అంటుకుని ఉంది. ఊదా రంగు దారం. మన ఇంట్లో ఆ రంగు రీలు ఒక్కటీ లేదు. ఆ దారం మీ పొట్ట మీద తప్ప ఇంకెక్కడా లేదు."

"అబ్బో. పోలీసు ఉద్యోగం చేసుకోవాల్సిందే నువ్వు. అనవసరంగా మా ఇంటికొచ్చావు."

"అనవసరంగానే వచ్చాను. ఆ మాట మాత్రం నిజం."

"నోరు తగ్గించు. ఆ మూల కూర్చున్న మనిషి ఇటే చూస్తోంది."

"చూడనివ్వండి. మన ఇంట్లో చూసేవాళ్లు లేకే కదా ఇదంతా."

"ఆ... మొదలుపెట్టింది."

"తెంపారా లేదా?"

"ఒక్క దారం తెంపాను. చాలా? కొస పొడుచుకొచ్చింది, బట్టకి తగిలి గుచ్చుకుంటోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఇదే పనిలో ఉన్నదాన్ని. దారం కొస వేలాడుతుంటే చెయ్యి ఊరుకుంటుందా? నీకేం, గుండీల దగ్గర జానెడు దారం వదిలేసి అదే పనితనం అనుకుంటావు."

"కరిగిపోయే కుట్లు, దేన్నీ ముట్టుకోవద్దు, లాగొద్దు, అవే రాలిపోతాయి అని సిస్టర్ మీ మొహం మీదే చెప్పింది."

"చెప్పింది లే. కరిగిపోయే దారమట. కరిగే దారంతో చొక్కా కుట్టిస్తే ఎవడన్నా వేసుకుని బజారుకి పోతాడా? నాకు నమ్మకం కుదరలేదు."

"నమ్మకం కుదరకపోతే గట్టిగా ముడేసుకోవాలి గాని తెంపుకుంటారా?"

"ఎక్కువ మాట్లాడకు."

"ఒక్కటి కాదు అత్తయ్యా. నేను చూశాను. మూల నుంచి వరసగా తెంపారు. తెంపి, రెండంచులూ పట్టుకుని లాగారు. తప్పు కుట్టు పడిన బట్టని మీరు ఎలా విప్పుతారో నాకు తెలియదా? నాకు విప్పడం నేర్పింది మీరే."

"నేర్పాను. తిండి పెట్టాను, పని నేర్పాను, నెత్తిన పెట్టుకున్నాను. ఇవాళ నా పొట్టకి లెక్కలు చెప్తున్నావు."

"నెత్తిన పెట్టుకున్నారా!"

"నవ్వకు."

"నవ్వడం లేదు. ఎందుకు తెంపారో నేను చెప్పనా?"

"చెప్పు. అదొక్కటే తక్కువ."

"గాయం మానితే నేను వెళ్లిపోతానని. నాకు మానేదాకా చూడవే, మానాక నేనే వాడితో చెప్పి మీ అక్క దగ్గరికి పంపిస్తానన్నారు. దేవుడి పటం ముందు నిలబడి అన్నారు. నమ్మాను. పిచ్చిదాన్ని. రోజూ మీ కట్టు విప్పి, ఇవాళ ఇంకాస్త మూసుకుంది, ఇవాళ ఎరుపు తగ్గింది అని చూసుకుంటూ ఉన్నాను. మీ గాయం చూసి ఎవరూ అంత సంతోషపడి ఉండరు."

"అయిపోయిందా?"

"అవలేదు. అక్క పనిచేసే కుట్టు కేంద్రంలో నా కోసం ఒక మిషన్ ఖాళీగా ఉంచారు. ఈ వారంలో చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అది మీకు తెలుసు. తెలిసే తెంపారు. ఇంకో నెల నన్ను మీ పక్కన కట్టేసుకోవడానికి."

"నిన్ను కట్టేసుకోవడానికి నా కడుపు నేను కోసుకుంటానా? నువ్వంత అపురూపమా?"

"జీతం లేని నర్సు అపురూపమే."

"ఛీ. పాము పడగలా ఉంది నీ నోరు."

"ఆపరేషన్‌కి ముందు నేను వెళ్లిపోబోయిన రోజూ అంతే చేశారు. సంచి సర్దుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాకా వచ్చాను. గడియ తీశాను కూడా. మీరు ఇంటి కప్పు ఎగిరిపోయేలా కేకపెట్టారు."

"ఎవరో దొంగ అనుకున్నాను."

"నా పేరు పెట్టి పిలిచారు అత్తయ్యా. దొంగకి నా పేరెందుకు పెడతారు?"

"సంసారం అన్నాక సవాలక్ష ఉంటాయి. మొగుడు ఒక మాటంటే గేటు తీసుకుని పోవడమేనా? నన్ను మీ మామగారు అనలేదా? నేను పోయానా?"

"మాటా? దీన్ని మాటంటారా? ఇటు చూడండి. నా చెయ్యి చూడండి."

"చూశాను."

"ఎప్పుడు చూశారు? ఒక్కసారన్నా చూశారా?"

"ఇస్త్రీ పెట్టె తగిలిందన్నావుగా."

"అనమన్నది ఎవరు? పక్కింటావిడ అడిగితే నాకంటే ముందు మీరే అన్నారు. 'ఇస్త్రీ పెట్టె తగిలింది, దీనికి చూపు ఆనదు' అని. అప్పటి నుంచి నేనూ అదే అంటున్నాను. మీ గాయానికి కట్టు కట్టే చేతికి ఇంతవరకూ ఎవరూ ఇంత గుడ్డ చుట్టలేదు."

"ఫోను మోగుతోంది. ఆగు. వాడే."

"ఎత్తండి. ఎత్తకపోతే దానికీ నన్నే అంటారు."

"ఏంరా?"

"అమ్మా, ఎంతసేపు?"

"ఇంకా పిలవలేదు నాన్నా. ముందు ఇద్దరున్నారు."

"అది పక్కనే ఉందా?"

"ఎక్కడికి పోతుంది? పక్కనే ఉంది, మొహం ముడుచుకుని."

"ఫోను దానికివ్వు. గొంతు విననీ."

"మాట్లాడవే. వాడు."

"ఉన్నాను."

"బుద్ధిగా ఉండు. అమ్మని జాగ్రత్తగా చూసుకో. నొప్పి పుట్టనివ్వకు. సరేనా?"

"సరే."

"సరేనండి అను."

"సరేనండి."

"మంచిది. అమ్మకివ్వు. అమ్మా, కూర్చుని కూర్చుని నడుం పట్టేసింటుంది, కాస్త ఆనుకో. ఏమన్నా కావాలంటే చెప్పు, తెచ్చి గేటు దగ్గర ఇస్తాను."

"ఏమీ వద్దు నాన్నా."

"ఎంత ప్రేమ. ఎవరన్నా వింటే కళ్లు తుడుచుకుంటారు."

"నా కొడుకు నన్ను ప్రేమగా చూస్తాడు. దానికీ ఏడుపేనా?"

"మిమ్మల్ని చూస్తారు. కాదనను. అందుకే మీకు వినపడదు."

"ఏం వినపడదు?"

"తెలియనట్టు అడక్కండి. గదిలో ఆయన గొంతు తగ్గితే నాకు భయం. ఆయన అరవరు, గొంతు తగ్గిస్తారు. అలా తగ్గగానే ముందు గదిలో మీ మిషన్ చప్పుడు మొదలయ్యేది. ఏ వేళ అయినా సరే. ఆయన చెయ్యి ఆగేదాకా మీ కాలు ఆగేది కాదు."

"బడి పిల్లల చొక్కాలు ఇవ్వాల్సిన గడువుంటుంది. నీలాగా పడుకుంటే గడుస్తుందా?"

"తెల్లారి చూస్తే ఆ మిషన్ మీద ఒక్క చొక్కా ఉండేది కాదు అత్తయ్యా. పాత గుడ్డ ముక్క ఒకటి ఉండేది. దాని మీద అటూ ఇటూ, అటూ ఇటూ కుట్లు. గుడ్డ కనపడనంత దారం."

"మిషన్‌కి నూనె పోస్తే పాత గుడ్డ మీద తొక్కి చూస్తాం. అది కూడా తెలియదా నీకు?"

"రోజూ నూనె పోసేవారా?"

"నోర్ముయ్. పిలుస్తోంది సిస్టర్. చెయ్యి పట్టుకో. ఆ చెయ్యి కాదు, నొప్పిది వద్దు, రెండోది."

డ్రెస్సింగ్ గదిలో. నర్సు తలుపు దగ్గరగా వేసింది.

"మీరేంటి పెద్దమ్మా, మళ్లీ వచ్చారు? బాగా మానింది, ఇక రానక్కర్లేదు అని మొన్ననే కదా పంపించాను."

"విడింది సిస్టర్."

"పడుకోండి. కాళ్లు ముడవండి. ఆ... ఏదీ చూడనీ. అయ్యో. అయ్యయ్యో. ఇదేంటి?"

"దానంతటదే—"

"దానంతటదే ఏంటి? ఇవి కత్తెర కోతలు. నేను ఎన్ని కుట్లు చూసి ఉంటాను? ఎవరు కత్తిరించారు? అమ్మాయ్, నువ్వా?"

"నేను కాదు. ఆవిడనే అడగండి."

"నేనే సిస్టర్. దారం కొస గుచ్చుకుంటే..."

"గుచ్చుకుంటే ఒక్కటి తెంపుతారు. నాలుగా? కుట్టు తెగినంత మాత్రాన ఇంత విడదు కూడా. పట్టి లాగారా?"

"నేను దర్జీదాన్నమ్మా. దారం కనపడితే చెయ్యి ఊరుకోదు."

"ఇది చొక్కా కాదమ్మా, ఒళ్లు! చొక్కాకి దారం ఎప్పటికీ ఉండాలి. ఒంటికి అక్కర్లేదు. రెండు పక్కల మాంసం ఒకదాన్నొకటి పట్టుకునేదాకా దారం పట్టుకుంటుంది. అవి పట్టుకున్నాక ఇక తన పనేమీ లేదని కరిగిపోతుంది. అంతదాకా దాని జోలికి పోకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"లోపలేమన్నా అయిందా?"

"లోపలి కుట్లు గట్టిగానే ఉన్నాయి. పై చర్మం విడింది, అదృష్టం. చీము లేదు. కానీ ఎర్రగా ఉంది. రెండు రోజులు ఊరుకుని ఉంటే అప్పుడు చెప్పేదాన్ని. ఇది ఊరికే కట్టు కట్టే పని కాదు, డాక్టరుగారు చూడాలి. కడిగి మళ్లీ కుట్లు వెయ్యాలి. మత్తు సూది వేస్తారు."

"చాలాసేపు పడుతుందా?"

"పడుతుంది మరి. ఆవిడ పై వార్డులో ఉన్నారు, రావాలి. మీకు తొందరా? తొందరున్నవాళ్లు కుట్లు తెంపుకోకూడదు."

"తొందరేం లేదమ్మా. నెమ్మదిగానే రమ్మను."

"అమ్మాయ్, ఆ గిన్నె ఇలా అందుకో. ఆ... ఆ చెయ్యేంటి?"

"ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటి, మణికట్టు అంత వాచి ఉంటే?"

"ఇస్త్రీ పెట్టె తగిలింది సిస్టర్. దీనికి చూపు ఆనదు."

"నేను మిమ్మల్ని అడగలేదు పెద్దమ్మా. ఇస్త్రీ పెట్టెకి వేళ్లుంటాయా? ఇవి వేళ్ల గుర్తులు. అమ్మాయ్, నువ్వు చెప్పు."

"ఇస్త్రీ పెట్టె తగిలింది."

"సరే. ఎవరి ఇష్టం వాళ్లది. నేను డాక్టరుగారిని పిలుచుకొస్తాను. ఈ గుడ్డ ఇలా అదిమి పట్టుకోండి. కదలొద్దు. ఇంకొకటి పెద్దమ్మా, ఆ కత్తెర ఇంట్లో ఎక్కడన్నా దాచి తాళం వెయ్యండి."

"తాళాలు మా ఇంట్లో చాలా ఉన్నాయి లే."

"వస్తాను."

"చూశారా? ఆవిడకి ఒక్క చూపులో అర్థమైంది. మీకు మూడేళ్లు పట్టింది, ఇంకా అర్థం కాలేదు."

"తలుపు వేసి ఉందా?"

"వేసి ఉంది. ఎందుకు? ఇప్పుడన్నా నిజం చెప్తారా? ఎందుకు తెంపారు?"

"అడుగుల చప్పుడు పోనీ. ... ఆ. లే."

"ఏంటి?"

"లే అంటున్నాను. ఆ తెర వెనక ఇంకో తలుపుంది. దుప్పట్లు ఉతికే దొడ్లోకి పోతుంది. అక్కణ్ణుంచి వెనక రోడ్డు. నేను కట్టు మార్పించుకోవడానికి ఈ గదిలో పడుకున్నప్పుడల్లా ఉతికేవాళ్లు అటే వచ్చి అటే పోయారు. గడియ ఉండదు. రోడ్డు దాటితే బస్సులు ఆగే చోటు."

"ఇదేం కొత్త నాటకం?"

"నాటకం కాదు. నా జాకెట్టులో చిన్న పర్సుంది, తీసుకో. బస్సుకి సరిపోతుంది."

"నేను తలుపు దాటగానే కేకపెడతారు."

"పెట్టను."

"అప్పుడు పెట్టారు."

"అప్పుడు పెట్టాను."

"మరి ఇప్పుడు ఎందుకు నమ్మాలి?"

"నమ్మకు. నమ్మమని నేనడిగానా? పో."

"ఆయన గేటు దగ్గర ఉన్నారు."

"ముందు గేటు దగ్గర. వాడికి ఆస్పత్రి అంటే ముందు గేటే. లోపల ఇన్ని తలుపులుంటాయని ఆడవాళ్లకి తెలుసు గాని వాడికేం తెలుసు?"

"మీ గాయం మానాక మీరే చెప్పి పంపిస్తానన్నారు."

"చెప్పాను."

"ఆయనతోనా? ఎప్పుడు?"

"ఇంటికొచ్చిన మర్నాడే. దాన్ని వాళ్లక్క దగ్గరికి పంపరా, కొన్నాళ్లు ఉండి వస్తుంది అన్నాను. నవ్వాడు. నా కాళ్లు పిసుకుతూనే నవ్వాడు. 'ముందు నీకు మాననీ అమ్మా, తర్వాత అది గడప దాటే పనే ఉండదు' అన్నాడు. ఆ సాయంత్రం గేటుకి రెండో తాళం తెచ్చాడు. నువ్వు నా పక్క గుడ్డలు ఉతుకుతున్నావు, చూడలేదు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తావు? ఏడుస్తావు. నీ ఏడుపు చూసి వాడికి అనుమానం వస్తుంది. నువ్వు రోజూ నా గాయం చూసి సంతోషపడుతున్నావు. ఆ మొహం చూసి వాడు నిశ్చింతగా ఉన్నాడు. మానితే ఆస్పత్రి లేదు. ఆస్పత్రి లేకపోతే నీకు గేటు లేదు. మొన్న ఈ సిస్టరే ఇక రానక్కర్లేదంది చూడు. అప్పుడే పంపాల్సింది నిన్ను. ధైర్యం చాల్లేదు. కొడుకు కదా. ఇంటికి పోయాక నా మీద నాకే అసహ్యం వేసింది."

"అందుకని..."

"అందుకని తెంపాను. ఒకటి తెంపితే ఏం కాలేదు. రెండు తెంపినా ఏం కాలేదు. నీ దరిద్రపు చేతులతో బాగా మాన్పావు, ఒక పట్టాన విడలేదు. లాగాల్సి వచ్చింది."

"అత్తయ్యా!"

"ఏడవకు. ఏడిస్తే కళ్లు ఎర్రబడతాయి, బస్సులో అందరూ చూస్తారు."

"నేను గేటు తీసిన రోజు కేకపెట్టిన మనిషి మీరేనా?"

"నేనే. వాడి ఇల్లు నిలబడాలని కేకపెట్టాను. నా కొడుకు అలాంటివాడు కాదు, ఏదో మాటామాటా అనుకుంటారు, అన్ని ఇళ్లలో ఉన్నదే అనుకున్నాను. మిషన్ తొక్కుతుంటే ఏమీ వినపడదే. మంచి మిషన్ అది, గట్టిగా మోగుతుంది. ఆపరేషన్ అయ్యాక ఈ డాక్టరు మిషన్ తొక్కొద్దంది. కదలొద్దంది. ముందు గదిలో వెల్లకిలా పడుకున్నాను. మధ్యలో ఉన్నది చెక్క గోడ. విన్నాను. మొదటి రాత్రీ విన్నాను, తర్వాతా విన్నాను. పక్కకి తిరిగి దిండు చెవి మీద వేసుకుందామంటే కుట్లు తిరగనివ్వవు."

"నేను నోరు కూడా ఎత్తలేదు."

"అదే విన్నాను. నువ్వు నోరెత్తకపోవడం. ఎన్నేళ్లు దేవుడికి దండం పెట్టాను, నా ఇంట్లో ఏముందో చూపించు స్వామీ అని. చూపించలేదనుకున్నాను. చూపించాడేమో, నేను మిషన్ తొక్కుతున్నాను. వాణ్ణి మోసిన గర్భసంచి వీళ్లు కోసి పారేశాక గాని వాడెవడో నాకు తెలియలేదు. ఇది ఆ దేవుడి దయో, వెక్కిరింతో, నాకు అర్థం కావడం లేదు."

"మీరు ఆయనకి ఏం చెప్తారు?"

"నాకు తోచింది చెప్తాను. నలభై ఏళ్లు బేరమాడినదాన్ని, ఒక అబద్ధం రాదా?"

"తెలిశాక మిమ్మల్ని ఏం చేస్తారు?"

"నన్నేం చేస్తాడు? వాడు నా కొడుకు."

"అందుకే అడుగుతున్నాను."

"అది నా గొడవ. నువ్వు నా గురించి ఆలోచించాల్సిన దానివి కాదు. నేను నీ గురించి ఆలోచించానా?"

"లేదు."

"మరి? పో."

"నేను మిమ్మల్ని క్షమించను."

"అడిగానా?"

"ఇవాళ ఇది చేశారని పాతవన్నీ మర్చిపోను. ఆ మిషన్ చప్పుడు నా చెవుల్లో నుంచి పోదు."

"నా చెవుల్లో నుంచి పోతుందా? మాటలు తర్వాత, చెప్పులు వేసుకో. ఈసారి చేత్తో పట్టుకోకు, కాళ్లకి వేసుకుని నడువు. పరుగెత్తకు. పరుగెత్తేవాళ్లని అందరూ చూస్తారు. ఏదో మందుకి పోతున్నట్టు పో."

"ఈ గుడ్డ ఎవరు అదిమి పట్టుకుంటారు? రక్తం వస్తోంది."

"నాకు చేతుల్లేవా? ఇలా తే. నా కుట్లు మళ్లీ వేస్తారు. నీకు మళ్లీ ఈ తలుపు దొరకదు."

"అక్క దగ్గరికి చేరాక ఫోన్ చేసి మీకు కబురు..."

"వద్దు. నాకేమీ చెప్పకు. తెలియకపోతే నోరు జారదు. ఆ ఫోను మోగుతోంది చూడు, వాడే. పోవే! నిలబడి నా మొహం చూస్తావేం, ఏముంది ఇందులో? తెర తియ్యి. తలుపు చప్పుడు కానివ్వకు. ... ఆ. ... ఏంరా?"

"అమ్మా, ఇంతసేపా? లోపలికి పిలిచారా?"

"పిలిచారు నాన్నా. పడుకోబెట్టారు."

"గొంతేంటి అలా ఉంది? నొప్పిగా ఉందా?"

"మళ్లీ కుడుతున్నారు కదరా. ఉండదా నొప్పి?"

"అదేది? దానికివ్వు ఫోను. ఒక్క మాట."

"దానికెలా ఇవ్వనురా, ఆ మొద్దు మొహంది రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. అది వదిలితే నేను తట్టుకోలేను. నువ్వు ఆ గేటు దగ్గరే కూర్చో నాన్నా, ఎక్కడికీ కదలకు."